దారం పుటుక్కుమంటోందా? ముందు సూది చూడండి

మిషను కుట్టు మధ్యలో దారం తెగగానే చాలామంది చెయ్యి టెన్షన్ (దారం బిగువు) స్క్రూ మీదికే పోతుంది. అసలు చూడాల్సింది సూది కన్ను. సూదిని మిషను నుంచి తీసి, మూరెడు దారం ఎక్కించి, ఏటవాలుగా బిగించి పట్టండి. సూది తన బరువుకే కిందికి జారాలి. ఆగిపోతే ఆ దారానికి కన్ను చాలదు. రాపిడికి పోగులు లేచి తెగుతుంది. సూది ఒక నంబరు పెంచండి.

సూది నంబర్లు ఇవి: పొందూరు సన్న ఖద్దరుకి 11, మామూలు జాకెట్టు గుడ్డకి 14, జీన్సుకి 16, కాన్వాసు సంచులకి 18. షిఫాన్‌కి 9 లేదా 11, దారమూ సన్నదే. లావు దారం వాడితే లావు సూది కావాలి, గుడ్డలో కన్నాలు మిగిలిపోతాయి. మెరుపు జరీ దారం సంగతి వేరు: 14 పెట్టి, టెన్షన్ కాస్త వదులు చేయండి. బనియన్ గుడ్డకి బాల్‌పాయింట్ (మొన గుండ్రంగా ఉండే) సూదే.

ఇంటి మిషను సూదిని పూర్తిగా పైకి తోసి బిగించాలి. దారం దూర్చే వైపు పొడవు గాడి, దానికి అవతలి వైపు చదును భాగం. తిరగబడితే కుట్టే పడదు.

అయినా తెగుతోందా? మొన మీద గోరు ఆనించి గీయండి. గరుకు తగిలితే పారేయండి. చేత్తో లాగితేనే తెగే పాత రీలుతో పేచీ దేనికి, అదీ మార్చేయండి.