తాతల నాటి సైకిల్ విప్పే ముందు

ఎండాకాలం వచ్చిందంటే చాలామందికి అటక మీదో పశువుల పాకలోనో పడున్న పాత సైకిల్ గుర్తొస్తుంది, పిల్లలకి సెలవులు కదా కలిసి ఓవరాయిలింగ్ చేద్దాం అనిపిస్తుంది. చేయండి, చాలా మంచి పని. కాకపోతే పానా ముట్టుకునే ముందు ఫోన్‌తో నాలుగు పక్కలా ఫొటోలు తీసి పెట్టుకోండి, బ్రేక్ రాడ్లు ఏది ఎటు వెళ్లిందో తర్వాత అస్సలు గుర్తుండదు.

రెండోది, పాత పెయింట్ గీకేయాలని తొందరపడకండి. మా తాతయ్య నల్ల హెర్క్యులిస్‌ని నేను పెయింటింగ్‌కి ఇచ్చేస్తే మడ్‌గార్డ్ మీద చేత్తో గీసిన బంగారు గీతలు, చైన్ కవర్ మీద అక్షరాలు మొత్తం పోయాయి, ఇప్పటికీ బాధే. ముందు సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక మైనం పాలిష్ పట్టించి చూడండి, ఎంత మెరుపు దాగుందో మీకే తెలుస్తుంది. తప్పనిసరిగా గీకాల్సి వస్తే మాత్రం పొడిగా ఉప్పుకాగితం వేయొద్దు. మన దేశంలో ఇళ్ల పెయింట్లకే సీసం 90 పీపీఎం (అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న రూల్ 2017 నవంబర్ నుంచి వచ్చింది, అలాంటిది యాభై ఏళ్ల నాటి ఎనామిల్లో సీసం ఉందనుకునే పని చేయాలి. తడిపి రుద్దండి, ఎన్95 మాస్క్ పెట్టుకోండి, చిన్న పిల్లల్ని దగ్గరికి రానీయకండి, ఆ బురదని గుడ్డతో ఎత్తి కవర్లో కట్టేయండి, తులసి మొక్క దగ్గర పారబోయొద్దు.

ఇక అందరూ దెబ్బతినేది కాటర్ పిన్ను దగ్గరే. క్రాంకుకి, అంటే పెడల్ బిగించే ఇనుప చేతికి, అడ్డంగా దూరి ఇరుసుని పట్టుకునే వేలెడంత ముక్క అది, ఒక పక్క ఏటవాలుగా ఉంటుంది, ఏళ్ల తరబడి తుప్పు పట్టి అతుక్కుపోతుంది. ముందు రోజు రాత్రే ఆయిల్ వేసి నానబెట్టండి. పొద్దున నట్టు పైకి ఉండేలా క్రాంకు తిప్పి, నట్టుని పూర్తిగా తీసేయకుండా పిన్ను కొసతో సమానంగా వచ్చేదాకా వదులు చేయండి, లేకపోతే సుత్తి దెబ్బకి థ్రెడ్ నలిగిపోతుంది. క్రాంకు కింద ఒక ఇనుప గొట్టం ముక్క నేల మీద నిలబెట్టి ఆనించండి, పిన్ను లావు కొస ఆ గొట్టం బోలులోకి దిగాలి. గొట్టం లేకుండా కొడితే ఆ దెబ్బంతా ఇరుసు చుట్టూ తిరిగే బేరింగ్ బాల్స్‌కి, అవి కూర్చునే కప్పులకి తగిలి గుంటలు పడతాయి. పది చిన్న దెబ్బలకన్నా ఒక్క గట్టి దెబ్బ మేలు. కళ్లద్దాలు లేకుండా మాత్రం కొట్టొద్దండీ, తుప్పు పెచ్చు ఎగిరి కంట్లో పడితే ఆసుపత్రే.

ఎడమ పెడల్‌ది ఉల్టా థ్రెడ్, అలాగే బాటమ్ బ్రాకెట్‌కి, అంటే పెడళ్ల ఇరుసు తిరిగే చోటికి, చైన్ వైపు ఉండే కప్పుది కూడా. రాకపోతే బలం పెంచడం కాదు, ఎటు తిప్పుతున్నారో చూసుకోండి. అసలైన ఇంగ్లండ్ రాలీ సైకిల్ అయితే ఆ కప్పుకి ఇంచికి 26 థ్రెడ్ చుట్లుంటాయి, మామూలుగా దొరికేవి 24, బలవంతంగా దూర్చితే ఫ్రేమే పాడవుతుంది. బాల్స్ తీసేటప్పుడు కింద తెల్ల గుడ్డ పరచండి, పాతవి కొత్తవి కలిపి వేయకండి.

తుప్పు వదలడానికి బాత్రూం యాసిడ్ వాడేవాళ్లున్నారు, దయచేసి వద్దు. ఆ పొగకి ఊపిరి ఆడదు, పక్కనున్న పానాలు కూడా తుప్పు పడతాయి, బ్లీచింగ్ కలిసిందంటే విషవాయువు. క్రోమ్ హ్యాండిల్‌కి అల్యూమినియం ఫాయిల్ నీళ్లలో ముంచి రుద్దితే చాలు. కిరసనాయిలు, పెట్రోల్‌తో కడగడం ఆరుబయటే, పొయ్యికి, దేవుడి దీపానికి దూరంగా.

పెయింట్ వేస్తే మృగశిర కార్తెలోపే వేసేయండి, వానలు మొదలయ్యాక గాల్లో చెమ్మకి పాలిపోయినట్టు తెల్లగా వస్తుంది.

అంతా బిగించాక వెంటనే మెయిన్ రోడ్డెక్కొద్దు. బ్రేక్ రబ్బరు కూర్చునే డబ్బాకి మూసున్న కొస చక్రం తిరిగే వైపు ఉందో లేదో చూడండి, తిరగేసి పెడితే బ్రేక్ పట్టగానే రబ్బరు జారి బయటికొచ్చేస్తుంది. ఇనుప రిమ్ తడిస్తే బ్రేక్ సరిగ్గా పట్టదు. వీధిలోనే నాలుగు రౌండ్లు తొక్కి, దిగి, కాటర్ నట్లు మళ్లీ ఒకసారి బిగించండి, కొత్త పిన్నులు మొదట్లో కాస్త సర్దుకుని వదులవుతాయి.