టిక్స్ ఉన్న పిల్లలకి స్కూల్లో పనికొచ్చే చిన్న ఏర్పాటు
బెంగళూరులో ఉన్న మన తెలుగు పేరెంట్స్‌కి ఒక మాట. టిక్స్ అంటే పిల్లలు కావాలని చేయకుండానే మళ్ళీ మళ్ళీ వచ్చే కదలికలు, శబ్దాలు. పిల్లాడు ఊరికే కళ్ళు ఆర్పుతున్నా, గొంతు సవరించుకుంటున్నా "ఆపరా" అనొద్దని క్లాస్ టీచర్‌కి ముందే చెప్పండి, అన్నకొద్దీ ఇంకా ఎక్కువవుతాయి (మా అమ్మకి ఇది అర్థం చేయించడానికే ఏడాది పట్టింది). మేమేం చేశామంటే, టీచర్‌తో మాట్లాడి డెస్క్ మీద ఒక పచ్చ కార్డు పెట్టించాం, అది తిప్పితే చాలు, అడక్కుండానే ఐదు నిమిషాలు బయటికెళ్ళి రావచ్చు. మొదటి బెంచీ వద్దు, వెనకనుంచి అందరూ చూస్తున్నారనే టెన్షన్‌కే పెరిగిపోతాయి, పక్క వరస చివర బెటర్. రాసిందే కొట్టేసి మళ్ళీ మళ్ళీ రాసే పిల్లలైతే నిమ్హాన్స్ (బెంగళూరులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి)లో ఓసీడీ (చేసిందే మళ్ళీ మళ్ళీ చేయక తప్పదనిపించే సమస్య) క్లినిక్ ఉంది, చూపించండి. డిసేబిలిటీ సర్టిఫికెట్ వస్తే సీబీఎస్ఈ బోర్డు పరీక్షలో గంటకి 20 నిమిషాలు ఎక్స్‌ట్రా ఇస్తారు, స్కూల్ ద్వారా ముందే అప్లై చేయాలి.