సైన్సును యానిమేషన్‌తో వివరించే వీడియో ఎలా చేయాలి?

తెరపై కదిలే ప్రతి బొమ్మా చూసేవారికి ఏదో ఒక విషయాన్ని నిజమని చెబుతూనే ఉంటుంది. రెండు వస్తువులు ఒకేసారి కదిలితే వాటి మధ్య సంబంధం ఉందనీ, ఒకటి నెమ్మదించి ఆగితే ప్రకృతిలోనూ అది అలాగే ఆగుతుందనీ, పెద్దగా కనిపించేది నిజంగానే పెద్దదనీ ప్రేక్షకుడు నమ్ముతాడు. వ్యాఖ్యానంలో తప్పు దొర్లితే ఎవరైనా పట్టుకోవచ్చు గానీ, కదలికలో దొర్లిన తప్పు మాత్రం చప్పుడు లేకుండా మనసులో నిలిచిపోతుంది. సైన్సు యానిమేషన్ చేసేవారు సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి ఎంత శ్రమిస్తారో, ఈ విషయంపై కూడా అంత శ్రద్ధ పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

పద్ధతి స్పష్టంగా అర్థం కావడానికి ఒకే ఉదాహరణ తీసుకుందాం. చంద్రకళలు ఎలా ఏర్పడతాయో వివరించే రెండు నిమిషాల వీడియో మన లక్ష్యం. పనిముట్టుగా ఉచితంగా దొరికే త్రీడీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌ను తీసుకుంటున్నాను. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ వాడేవారికీ, గణిత యానిమేషన్ల కోసం గ్రాంట్ శాండర్సన్ రూపొందించిన పైథాన్ లైబ్రరీ మానిమ్ వాడేవారికీ వరుస మాత్రం ఇదే.

1. కదలిక అవసరమా అని ముందు తేల్చుకోండి

బార్బరా ట్వెర్‌స్కీ, ఆమె సహ పరిశోధకులు 2002లో అప్పటివరకు జరిగిన అధ్యయనాలను పరిశీలించి, ఒకే సమాచారాన్ని ఇచ్చే నిశ్చల చిత్రాల కంటే యానిమేషన్ మెరుగ్గా నేర్పుతుందని చెప్పడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. కదిలే బొమ్మ క్షణంలో మాయమవుతుంది కాబట్టి, కన్ను వెనక్కి వెళ్లి పోల్చి చూసుకునే వీలుండదు. రెండు యంత్రాల భాగాలను పక్కపక్కన పెట్టి పోల్చాలంటే మంచి రేఖాచిత్రమే చాలు. కాలంతోపాటు మారే విషయానికీ, చూసే కోణాన్ని బట్టి మారే విషయానికీ యానిమేషన్ నప్పుతుంది. చంద్రకళల్లో ఈ రెండూ ఉన్నాయి.

2. ఒక ప్రశ్న, ఒక అపోహ రాసుకోండి

వీడియో జవాబు చెప్పే ప్రశ్నను ఒకే వాక్యంలో రాయాలి: “చంద్రుడి ఆకారం నెల పొడుగునా ఎందుకు మారినట్లు కనిపిస్తుంది?” దాని కిందే, ప్రేక్షకుడి మనసులో ముందే ఉండే తప్పు సమాధానాన్ని కూడా రాయాలి: “భూమి నీడ చంద్రుడి మీద పడటం వల్ల.” నిజానికి భూమి నీడ వల్ల కలిగేది చంద్రగ్రహణం మాత్రమే. చంద్రుడిలో సగభాగం ఎప్పుడూ సూర్యకాంతిలోనే ఉంటుంది. ఆ వెలిగే సగంలో మనకు కనిపించే వాటా మారుతుంది. ప్రతి దృశ్యం దగ్గరా ఈ కాగితాన్ని చూసుకుంటూ, ఆ అపోహకు బలం చేకూర్చేది ఏదైనా తెరపైకి వస్తోందా అని ప్రశ్నించుకోవాలి.

3. ముందు మాట, తరువాత బొమ్మ

వ్యాఖ్యానం రాసి, బిగ్గరగా చదివి, ఫోన్‌లోనైనా సరే రికార్డు చేసుకోండి. దృశ్యాల నిడివిని ఆ గొంతే నిర్ణయిస్తుంది. బొమ్మలన్నీ పూర్తయ్యాక మాటలను వాటిలో ఇరికించాలని చూస్తే, వాక్యాలు పరుగెత్తడమో బొమ్మలు అనవసరంగా నిలబడిపోవడమో జరుగుతుంది. చెప్పే మాట వినిపించే క్షణానికే దానికి సంబంధించిన కదలిక జరగాలి. వినిపించే వాక్యాన్నే తెర మీద మళ్లీ అక్షరాలా వేస్తే నేర్చుకోవడం దెబ్బతింటుందని మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ పరిశోధనలు చెబుతున్నాయి. తెరపై పేర్లు, అంకెలు ఉంటే చాలు.

తరువాత ఆరేడు గడులు గీసి స్టోరీబోర్డు వేయాలి. పుల్లల బొమ్మలైనా ఫరవాలేదు. వాటిని ఫొటో తీసి రికార్డు చేసిన గొంతు కింద వరుసగా పేర్చితే యానిమాటిక్ తయారవుతుంది. ఎక్కడ విసుగు పుడుతుందో, ఎక్కడ అర్థం కాదో ఇక్కడే బయటపడుతుంది. ఈ దశలో మార్పు చేయడానికి నిమిషాలు చాలు, రెండర్ (కంప్యూటర్ తుది బొమ్మలను తయారుచేయడం) అయ్యాక అయితే రోజులు పడుతుంది.

4. కొలతలు లెక్క కట్టండి

చాలా వీడియోలు తప్పటడుగు వేసేది ఇక్కడే. భూమి వ్యాసం 12,742 కిలోమీటర్లు, చంద్రుడి వ్యాసం 3,474 కిలోమీటర్లు, రెంటి మధ్య సగటు దూరం 3,84,400 కిలోమీటర్లు. అంటే నడుమ సుమారు 30 భూగోళాలు పడతాయి. 1920 పిక్సెళ్ల వెడల్పున్న తెరలో ఆ దూరానికి 1500 పిక్సెళ్లు కేటాయిస్తే, భూమి 50 పిక్సెళ్ల బిళ్లగా, చంద్రుడు 14 పిక్సెళ్ల చుక్కగా మిగులుతారు. ఆ చుక్కలో కళలు చూపించడం కుదరదు కాబట్టి అందరూ చంద్రుడిని దగ్గరకు లాగుతారు. అది తప్పు కాదు, కానీ దాని పర్యవసానం చూడండి.

చంద్రుడి కక్ష్య, సూర్యుడి చుట్టూ భూమి తిరిగే తలానికి సుమారు 5 డిగ్రీల వాలులో ఉంటుంది. నిజమైన దూరంలో ఆ వాలు వల్ల పౌర్ణమి చంద్రుడు భూమి నీడకు పైగానో కిందుగానో, గరిష్ఠంగా రెండున్నర భూవ్యాసాలకు మించిన ఎడంతో తప్పుకుపోతాడు. అందుకే ప్రతి పౌర్ణమికీ గ్రహణం రాదు. అదే చంద్రుడిని మూడు భూవ్యాసాల దూరానికి తెస్తే, అదే 5 డిగ్రీల వాలు అతడిని పావు భూవ్యాసానికి కాస్త మించి మాత్రమే పక్కకు జరపగలదు, నీడ నుంచి తప్పించడానికి అది చాలదు. కంప్యూటర్ ప్రతి పౌర్ణమికీ భూమి నీడను చంద్రుడి మీద నమ్మకంగా పడేస్తుంది. ఏ అపోహను తొలగించాలని వీడియో మొదలుపెట్టామో, దానినే మన యానిమేషన్ రుజువు చేసి చూపిస్తుంది! దీనికి విరుగుడుగా రెండు పనులు చేయాలి. భూగోళం వేరే వస్తువుల మీద నీడ వేయకుండా సెట్టింగ్ మార్చాలి. దాంతోపాటు, నిజమైన నిష్పత్తిలో ఉన్న దృశ్యాన్ని కనీసం కొన్ని సెకన్లపాటు చూపించి, ఆ తరువాతే “స్పష్టత కోసం దూరం తగ్గించాం” అన్న మాటతో దగ్గరి దృశ్యానికి వెళ్లాలి. మొదటి పని చేసి రెండోది వదిలేస్తే ప్రేక్షకుడికి చెప్పకుండా భౌతికశాస్త్రాన్ని మార్చినట్లే అవుతుంది.

5. వెలుతురు, కెమెరాలు అమర్చండి

సూర్యకాంతి కోసం సన్ లైట్ వాడాలి, ఎందుకంటే దాని కిరణాలు సమాంతరంగా వస్తాయి. పాయింట్ లైట్‌ను దగ్గరగా పెడితే కిరణాలు విచ్చుకుని, వెలుగు చీకట్లను విడదీసే గీత పక్కకు జరుగుతుంది. బ్లెండర్‌లో పరిసరాల రంగు మొదట్లో ముదురు బూడిద రంగులో ఉంటుంది. దానిని పూర్తి నలుపు చేయకపోతే చంద్రుడి చీకటి సగంలోకి కూడా వెలుతురు పాకుతుంది.

ఒక కెమెరాను ఉత్తర దిక్కు పైనుంచి కిందికి చూసేలా పెట్టండి. రెండోదానిని భూమి స్థానంలో పెట్టి, ఎప్పుడూ చంద్రుడి వైపే చూసేలా ట్రాక్ టు కన్‌స్ట్రెయింట్ ఇచ్చి, ఆ దృశ్యం రెండర్ చేసేటప్పుడు భూగోళాన్ని దాచండి. తుది వీడియోలో ఈ రెండు దృశ్యాలూ పక్కపక్కన, ఒకే సమయంలో కదలాలి. పై దృశ్యంలో చంద్రుడి వెలుగు సగం ఏమాత్రం మారకపోవడం, పక్క దృశ్యంలో ఆకారం మారుతూ పోవడం ఒక్క చూపులో కనబడితే, వివరణలో ముప్పాతిక పని అయిపోయినట్లే.

6. కదలిక ఇవ్వండి

భూమి మధ్యలో ఒక ఎంప్టీ (రెండర్‌లో కనిపించని ఆధార బిందువు) పెట్టి, చంద్రుడు దానితోపాటే కదిలేలా దానికి పేరెంట్ చేసి, ఎంప్టీని జెడ్ అక్షం మీద తిప్పాలి. ఇలా చేస్తే చంద్రుడు ఎప్పుడూ ఒకే ముఖాన్ని భూమికి చూపిస్తాడు, అదీ వాస్తవమే. ఉత్తరం నుంచి చూసినప్పుడు భ్రమణం అపసవ్య దిశలో ఉండాలి. సరిచూసుకునే మార్గం సులువు: ఉత్తరం పైకి ఉండేలా పెట్టిన భూమి కెమెరాలో, శుక్లపక్షపు చంద్రుడికి కుడివైపు వెలగాలి. ఎడమవైపు వెలిగితే దిశ గానీ కెమెరా గానీ తలకిందులైందని అర్థం. దక్షిణార్ధగోళంలో ఉన్నవారికి ఇది సహజంగానే తారుమారుగా కనిపిస్తుంది.

సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 12 సెకన్లలో ఒక చుట్టు అనుకుంటే 288 ఫ్రేములు, ఫ్రేముకు 1.25 డిగ్రీలు. మొదటి ఫ్రేములో 0, 289వ ఫ్రేములో 360 డిగ్రీల కీఫ్రేములు (ఆ క్షణానికి వస్తువు ఏ స్థితిలో ఉండాలో చెప్పే గుర్తులు) పెట్టి, 288 వరకే రెండర్ చేయాలి. 288లోనే 360 పెడితే మొదటి బొమ్మ, చివరి బొమ్మ ఒకటే అయిపోయి, లూప్‌లో ప్రతిసారీ చిన్న తడబాటు కనిపిస్తుంది. మూలన రోజుల లెక్క వేస్తున్నట్లయితే ఒక చుట్టుకు 29.5 రోజులు చూపాలి, నక్షత్రాలతో పోల్చి లెక్కించే 27.3 కాదు, మన దృశ్యంలో సూర్యుడి దిశ కదలకుండా ఉంది కాబట్టి అమావాస్య నుంచి అమావాస్యకు పట్టే కాలమే ఇక్కడ సరైనది.

బ్లెండర్ కొత్త కీఫ్రేముల మధ్య బెజియర్ వంపును తనంతట తానే ఇస్తుంది. అలా వదిలేస్తే చంద్రుడు నెమ్మదిగా బయలుదేరి, వేగం పుంజుకుని, చివర్లో మళ్లీ నెమ్మదిస్తాడు. కంటికి అది హాయిగానే ఉంటుంది, కానీ అమావాస్య దగ్గర చంద్రుడు ఆగుతాడని చెప్పినట్లవుతుంది. కీఫ్రేములను ఎంచుకుని టీ నొక్కి, వేగం ఒకేలా ఉండే లీనియర్‌కు మార్చండి. ఆ మెత్తని వంపులను కెమెరా కదలికలకూ, పేర్లు తెర మీదికి వచ్చే తీరుకూ దాచుకోండి. మనం చేర్చినవి మెత్తగా కదలవచ్చు, ప్రకృతిలోనివి మాత్రం తమ లెక్క ప్రకారమే కదలాలి. వేరే విషయాలకూ ఇదే వర్తిస్తుంది: కణంలో సరుకు మోసే కినిసిన్ ప్రోటీన్ 8 నానోమీటర్ల అడుగులు వేస్తుందన్నది నిజం, కానీ దానిని మనిషిలా నిదానంగా నడిపిస్తే చుట్టూ నీటి అణువులు నిరంతరం కొట్టే దెబ్బలు, ఆ కుదుపులు పూర్తిగా మరుగున పడతాయి.

7. అక్షరాలు, రంగులు

తెలుగు పేర్లు వేసేటప్పుడు ఒత్తులు, గుణింతాలు విడిపోతున్నాయేమో చూడాలి. విడిపోతే ఇంక్‌స్కేప్‌లో రాసి, అక్షరాలను పాత్‌గా మార్చి, ఎస్‌వీజీ రూపంలో తెచ్చుకోవడం నమ్మకమైన దారి. అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి. ఎరుపు, ఆకుపచ్చల తేడా ఒక్కటే అర్థాన్ని మోయకూడదు. సెకనుకు మూడుసార్లకు మించి మెరిసే వెలుగులు వద్దు, కొందరికి వాటి వల్ల మూర్ఛ రావచ్చు.

8. చూపించి, సరిదిద్ది, విడుదల చేయండి

తక్కువ నాణ్యతతో ఒక ప్రతి తీసి, విషయం తెలియని వ్యక్తికి చూపించండి. “నచ్చిందా?” అని అడగవద్దు. కాగితం, పెన్సిల్ ఇచ్చి అష్టమి నాడు సూర్యుడు, భూమి, చంద్రుడు ఎక్కడెక్కడ ఉంటాయో గీయమనండి. ఆ బొమ్మలో మూడూ ఒకే గీతపై ఉండి, సూర్యచంద్రుల మధ్యకు భూమి వస్తే లోపం వీడియోలోనే ఉంది. విషయం బాగా తెలిసిన మరొకరికి శబ్దం ఆపేసి చూపించండి. మాటల ఆసరా లేనప్పుడు కదలికల్లోని తప్పులు త్వరగా దొరుకుతాయి.

తుది రెండర్‌ను నేరుగా వీడియోగా కాకుండా పీఎన్‌జీ బొమ్మల వరుసగా తీసుకోండి. మధ్యలో కంప్యూటర్ ఆగిపోయినా, ఆగిన ఫ్రేము నుంచి కొనసాగించవచ్చు. వాటికి గొంతు జతచేసి హెచ్.264 ఎంపీ4గా మార్చండి. వినలేనివారి కోసం సబ్‌టైటిళ్లను విడి ఎస్‌ఆర్‌టీ ఫైలుగా ఇవ్వండి, కావలసినవారు పెట్టుకుంటారు. వివరణ పెట్టెలో మీరు మార్చిన కొలతలను రాయండి: దూరం ఎంత తగ్గించారు, కాలాన్ని ఎంత వేగవంతం చేశారు, భూమి నీడను ఎందుకు తీసేశారు. ఆ వీడియోను పాఠంలో వాడుకునే ఉపాధ్యాయులకు మొదట కావలసింది ఆ సమాచారమే.