స్లాబు కింది గదికి సీపీయూ కూలర్ ఎంపిక

ఖరీదైన గేమింగ్ పీసీలో ప్రాసెసర్‌ను (సీపీయూను) చల్లబరిచే కూలర్ వెతికేవారు సాధారణంగా గాలితో చల్లబరిచేది మేలా, ద్రవంతో చల్లబరిచేది మేలా అన్న చర్చతోనే మొదలుపెడతారు. తిరుపతిలో ఉండేవారు అంతకంటే ముందు పీసీ పెట్టబోయే గదిలో ఒక థర్మామీటరు ఉంచి, కత్తిరి ఎండల్లో మధ్యాహ్నం మూడు గంటలకు అది ఎంత చూపుతుందో రాసిపెట్టుకోవాలి. బయట 40 డిగ్రీలు దాటిన రోజున, పై అంతస్తులో స్లాబు కింద ఉన్న గది రాత్రి పదింటికి కూడా 35 దగ్గరే ఉండటం మనకు కొత్త కాదు.

గాలి కూలరైనా లిక్విడ్ కూలరైనా ప్రాసెసర్‌ను గది ఉష్ణోగ్రత కంటే కిందికి దించలేదు. గది కంటే అది ఎన్ని డిగ్రీలు పైన ఉంటుందన్నదే కూలర్ చేతిలో ఉన్న విషయం. 25 డిగ్రీల గదిలో 70 చూపిన ప్రాసెసర్ అదే కూలర్‌తో, అదే పనిలో, 38 డిగ్రీల గదిలో దాదాపు 83 చూపుతుంది. కాబట్టి సమీక్షల్లో కనిపించే అంకెలకు మన గదికీ వారి గదికీ ఉన్న తేడాను కలుపుకుని చదవాలి.

ఆ తరువాత చూడవలసింది ప్రాసెసర్. ఇంటెల్ కోర్ ఐ9-14900కె, ఇంటెల్ నిర్దేశించిన పరిమితి ప్రకారం, గరిష్ఠంగా 253 వాట్లు తీసుకుంటుంది, దాని ఉష్ణ పరిమితి 100 డిగ్రీలు. ఏఎండీ రైజెన్ 7 7800ఎక్స్3డి పరిమితి 89 డిగ్రీలే అయినా, అది 162 వాట్లకు మించి తీసుకోదు, ఆటల్లో అంత కూడా వాడదు. అందువల్ల ఆటలే ముఖ్యమనుకునేవారికి ఇటువంటి ప్రాసెసర్, దానిపై రెండు టవర్ల (పక్కపక్కనే రెండు లోహపు రేకుల దొంతరలున్న) గాలి కూలర్ చాలునని నా అభిప్రాయం. వీడియో ఎడిటింగ్, రెండరింగ్ వంటి పనుల్లో అన్ని కోర్లనూ గంటల తరబడి పరుగెత్తించేవారికే 360 మి.మీ. రేడియేటర్ (ద్రవంలోని వేడిని గాలిలోకి వదిలే భాగం) ఉన్న లిక్విడ్ కూలర్ పెట్టిన ఖర్చుకు తగిన ఫలితమిస్తుంది. 240 మి.మీ. లిక్విడ్ కూలర్ అందంగా ఉంటుంది కానీ, మంచి గాలి కూలర్‌తో పోలిస్తే దాని ఆధిక్యం చాలాసార్లు స్వల్పమే. పైగా గాలి కూలర్‌లో ఫ్యాన్ పాడైతే ఫ్యాన్ ఒక్కటే మార్చుకోవచ్చు. లిక్విడ్ కూలర్‌లో ద్రవాన్ని తిప్పే పంపు ఆగితే సాధారణంగా మొత్తం యూనిట్‌నే మార్చవలసి వస్తుంది.

కొనే ముందు టేపు తీసి కొలవండి. రెండు టవర్ల గాలి కూలర్ నాక్టువా ఎన్‌హెచ్-డి15 ఎత్తు 165 మి.మీ.; మీ కేబినెట్ 160 వరకే అనుమతిస్తే పక్క తలుపు మూసుకోదు. కూలర్ ముందు ఫ్యాన్ కిందికి వచ్చే ర్యామ్ ఎత్తు కూడా సరిచూసుకోవాలి. పైన చెప్పిన రైజెన్ కూర్చునే ఏఎం5 సాకెట్‌లో మదర్‌బోర్డు వెనుక పలకను తీయడానికి వీలుండదు కనుక, దాని ముందు తరం ఏఎం4 సాకెట్‌కు కొన్న పాత కూలర్ సొంత వెనుక పలకతో బిగించే రకమైతే పనికిరాదు. రేడియేటర్‌ను కేబినెట్ పైభాగంలో బిగించడం మంచిది, ఎందుకంటే గాలి బుడగలు పైకి చేరతాయి. పంపు అన్నింటికంటే ఎత్తున ఉంటే అవి అందులోనే చిక్కుకుంటాయి.

కూలర్ వేడిని మాయం చేయదు, గదిలోకి తోస్తుంది. 450 వాట్ల ఆర్‌టీఎక్స్ 4090 గ్రాఫిక్స్ కార్డు కూడా తోడైతే, తలుపులు మూసిన చిన్న గదిలో అది ఒక హీటరుతో సమానం. ఏసీ లేకపోతే ఎగ్జాస్ట్ ఫ్యాన్ అయినా ఉండాలి. ఇంట్లోని నీళ్ల కూలర్‌ను మాత్రం కేబినెట్‌కు ఎదురుగా పెట్టకండి, తుంపరలు లోపలికి పోతాయి.

బిగించేటప్పుడు కూలర్ అడుగున ఉండే ప్లాస్టిక్ పొరను తీయడం మరవకూడదు, తెలిసినవారూ మరిచిపోతుంటారు. చెన్నై రిచీ స్ట్రీట్‌లో పీసీ బిగించి తెచ్చుకునేవారు మన దగ్గర చాలామందే. కిలోకు పైబడిన గాలి కూలర్ బస్సు కుదుపులకు మదర్‌బోర్డును గుంజుతుంది కనుక, మదర్‌బోర్డు నేలకు సమాంతరంగా, కూలర్ పైకి ఉండేలా కేబినెట్‌ను పడుకోబెట్టి తేవాలి. అందుకు చోటు లేకపోతే కూలర్‌ను విప్పించి విడిగా తెచ్చుకోవాలి, మళ్లీ బిగించేటప్పుడు ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్టు ట్యూబు ఒకటి అదనంగా కొనుక్కోవాలి.