మియాటాలో రోల్ బార్ బిగించే ముందు

అమెరికాలో చలి తగ్గి మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి ట్రాక్ డేల, అంటే సొంత కారుని రేసు ట్రాక్ మీద నడిపే రోజుల సందడి మొదలవుతుంది. సెకండ్ హ్యాండ్‌లో మాజ్డా మియాటా కొనుక్కుని, వారమంతా అందులోనే ఆఫీసుకి వెళ్తూ, శనివారం తెల్లవారుజామునే అదే కారులో కాలిఫోర్నియాలోని థండర్‌హిల్ ట్రాక్‌కో, లగూనా సెకా ట్రాక్‌కో బయల్దేరేవాళ్లు మనవాళ్లలోనూ ఉన్నారు. టాప్ తెరుచుకునే కారు అనగానే ట్రాక్ డేలు నడిపే చాలా క్లబ్బులు ముందుగా అడిగేది రోల్ బార్, అంటే సీట్ల వెనక బిగించే ఇనుప గొట్టం గురించే. దాంతో ఆన్‌లైన్‌లో ఏదో ఒకటి ఆర్డర్ పెట్టి, వచ్చిన వారంలోనే బిగించేయాలన్న తొందర పుడుతుంది.

దయచేసి అంత తొందరపడకండి. కారు పల్టీ కొట్టినప్పుడు మీ ప్రాణం కాపాడే ఆ ఇనుప గొట్టం, సోమవారం హెల్మెట్ లేకుండా ఆఫీసుకి వెళ్తున్నప్పుడు కూడా మీ తల వెనకే ఉంటుంది. ట్రాక్ కోసం కొంటున్నా, ముందు రోడ్డు సంగతి ఆలోచించి కొనాలి.

సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు వెనక నుంచి ఎవరైనా గుద్దారనుకోండి. సీటు వెనక్కి వంగుతుంది, ఒళ్లు సీటు మీద పైకి జారుతుంది, తల హెడ్ రెస్ట్ దాటిపోవచ్చు. అక్కడ రోల్ బార్ ఉంటే వట్టి తల ఇనుముకి తగులుతుంది. అందుకని బార్ అమర్చాక, మీరు రోజూ నడిపే పొజిషన్‌లోనే కూర్చుని, హెల్మెట్ లేకుండా తలని వెనక్కీ పక్కలకీ వాల్చి చూడండి. పక్కన ఇంకొకరు నిలబడి బార్‌కీ తలకీ మధ్య ఎంత ఖాళీ ఉందో కొలవాలి. తల బార్‌ని తాకుతున్నా, తాకేంత దగ్గరగా వస్తున్నా ఆ కారు రోజువారీ వాడకానికి పనికిరాదని నా గట్టి అభిప్రాయం. సీటు మార్చడమో, బార్ మార్చడమో చేయాల్సిందే. పొడుగు మనుషులకి ఈ ఇబ్బంది ఎక్కువ, ఎందుకంటే బార్ వచ్చాక సీటు మునుపటంత వెనక్కి జరగదు, వాలదు.

ప్యాడింగ్ విషయంలో చాలామంది మోసపోతారు. ఏసీ పైపులకి చుట్టే నల్ల స్పాంజి, అసలైన రోల్ బార్ ప్యాడింగ్ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. బొటనవేలితో నొక్కితే తేడా తెలిసిపోతుంది: స్పాంజి ఇట్టే అణిగిపోతుంది, ఎస్‌ఎఫ్‌ఐ 45.1 (రేసింగ్ భద్రతా ప్రమాణం) ముద్ర ఉన్నది గట్టిగా ఉంటుంది. ఆ గట్టిదనం హెల్మెట్ పెట్టుకున్న తల కోసం ఉద్దేశించింది. వట్టి తలకి అది కూడా దెబ్బే, కాకపోతే వట్టి ఇనుము కంటే నయం. పైన మెత్తటి పొర, లోపల గట్టి పొర ఉన్న ప్యాడింగ్ కూడా దొరుకుతుంది. రోడ్డు మీద తిరిగే కారుకి దాన్నే తీసుకోండి. కిటికీల పక్కనా, నెత్తి మీదా గొట్టాలుండే ఫుల్ కేజ్ జోలికి మాత్రం పోవద్దు. అది ఎప్పుడూ హెల్మెట్‌తోనే నడిపే రేసు కారుకి పెట్టేది.

ఇక ఎత్తు. దీన్ని చూడ్డానికి క్లబ్బులు వాడేది బ్రూమ్‌స్టిక్ టెస్ట్. బార్ పైభాగం నుంచి ముందు అద్దం ఫ్రేమ్ పైభాగం వరకు ఒక కర్ర ఆనించి పెడతారు. మీరు హెల్మెట్‌తో, బెల్టు పెట్టుకుని కూర్చున్నప్పుడు హెల్మెట్ ఆ కర్ర కిందే ఉండాలి. కొన్ని క్లబ్బులు హెల్మెట్‌కీ కర్రకీ మధ్య 2 అంగుళాల ఖాళీ కూడా అడుగుతాయి, కాబట్టి మీ క్లబ్ రూలు చదివాకే బార్ ఆర్డర్ పెట్టండి. కొత్తవాళ్ల పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ కూర్చుంటాడు, ఆయన తల కూడా లెక్కలోకి వస్తుంది. హార్డ్‌టాప్ (విప్పి తీసే గట్టి పైకప్పు) ఉంది కదా అని ధీమా పడొద్దు, పల్టీలో అది బరువు మోయదు. కొత్త తరం మియాటాల్లో సీట్ల వెనక కంపెనీ పెట్టిన చిన్న హూప్‌లు (వంపు గొట్టాలు) చాలు అని కూడా మీకు మీరే అనుకోవద్దు, క్లబ్‌ని అడగండి.

కొనేటప్పుడు గొట్టం వివరాలు అడిగి రాయించుకోండి. మంచి మియాటా బార్‌లు చాలావరకు 1.75 అంగుళాల వ్యాసం, 0.120 అంగుళాల మందం ఉన్న డీవోఎమ్ స్టీలుతో (అచ్చు మీద లాగి తయారుచేసిన గట్టి గొట్టంతో) చేస్తారు. వెనక్కి రెండు ఊతలు, మధ్యలో ఒక మూల నుంచి ఇంకో మూలకి ఏటవాలు గొట్టం ఉండాలి. అవేవీ లేకుండా మెరిసిపోయే బార్‌లు అందానికే. టాప్ మడిచినప్పుడు బార్‌కి తగలకుండా ఉంటుందా, మీ కారు వెనక అద్దం గాజుదా ప్లాస్టిక్‌దా అన్నదాన్ని బట్టి ఏ మోడల్ సరిపోతుంది అన్నవి కూడా ముందే కనుక్కోండి. వాన వచ్చినప్పుడు టాప్ వేయలేని కారు రోజూ వాడడం కష్టం.

బిగించే రోజు అసలు జాగ్రత్త పెట్రోల్ ట్యాంకు దగ్గర. మొదటి రెండు తరాల మియాటాల్లో సీట్ల వెనక ఉన్న అర కిందే ట్యాంకు ఉంటుంది, అక్కడికి పైపులు కూడా వస్తాయి. కార్పెట్ తీసి, అర మీది రేకు మూత విప్పి, ఏది ఎక్కడుందో కళ్లతో చూడకుండా డ్రిల్ ముట్టుకోవద్దు. బ్యాటరీ డిక్కీలో కుడివైపు ఉంటుంది. ముందు నెగటివ్ వైరు తీసేయండి. డ్రిల్ బిట్‌కి టేపు చుట్టి, ఎంత లోతు దిగాలో గుర్తు పెట్టుకోండి. మొదట సన్నటి బిట్‌తో చిన్న రంధ్రం, తర్వాత పెద్దది. ఇంకొకరు కింది నుంచి చూస్తూ ఉండాలి. గ్యారేజీ తలుపు తెరిచే ఉంచండి, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా పెట్టుకోండి. ట్యాంకు దగ్గర వెల్డింగ్ ఊసే ఎత్తొద్దు.

బోల్టులన్నీ ముందు చేత్తో వదులుగా ఎక్కించి, బార్ నిటారుగా కూర్చుందో లేదో చూసుకున్నాకే బిగించాలి. ఒకటి పూర్తిగా బిగించేసి రెండోదానికి వెళ్తే మిగతావి కలవవు. రేకు కింద బార్‌తో పాటు వచ్చే ప్లేట్లే వేయండి, మామూలు వాషర్లతో సరిపెట్టొద్దు. కారు బాడీ రేకు పలచన, పల్టీ కొట్టినప్పుడు వాషరుతో సహా బోల్టు ఊడి వచ్చేస్తుంది. ప్లేటు ఉంటే ఆ బరువు వెడల్పుగా పరుచుకుంటుంది. తయారీదారు చెప్పిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించి, బోల్టు మీంచి రేకు మీదికి పెయింట్ పెన్‌తో ఒక గీత గీయండి. బోల్టు కదిలితే గీత తప్పిపోయి కనిపిస్తుంది. రంధ్రాల అంచులకి ప్రైమరు, పైన సీలెంటు వేయకపోతే రెండు చలికాలాలు తిరిగేసరికి తుప్పు పడుతుంది. కొన్ని వందల మైళ్లు తిరిగాక ఒకసారి, ప్రతి ట్రాక్ డే ముందు ఒకసారి టార్క్ రెంచ్ పెట్టి చూడాలి.

రోడ్డు మీద కంపెనీ ఇచ్చిన మూడు పాయింట్ల బెల్టే వాడండి. మియాటాలో దాని రీల్ బార్ కాళ్ల పక్కనే ఉంటుంది కాబట్టి, పని అయ్యాక బెల్టు సాఫీగా లాగబడుతోందా, గట్టిగా గుంజితే పట్టుకుంటోందా చూసుకోవాలి. ట్రాక్ కోసం హార్నెస్ (రెండు భుజాలనీ నడుమునీ పట్టి ఉంచే రేసు బెల్టు) పెట్టుకుంటే భుజాల పట్టీలు వెనక్కి సమాంతరంగా, లేదా కిందికి 20 డిగ్రీల లోపు వాలుతో బార్‌కి చేరాలి. వాటిని నేలకి కడితే గుద్దినప్పుడు భారమంతా వెన్నెముక మీద పడుతుంది. నాలుగు పాయింట్ల హార్నెస్‌లో నడుం పట్టీ పైకి జారి పొట్టని కోసే ప్రమాదం ఉంది, కాబట్టి కాళ్ల మధ్య నుంచి కూడా పట్టీలు వచ్చే ఆరు పాయింట్లదీ, దానికి తగ్గ సీటూ, గుద్దినప్పుడు తల ముందుకి విసిరినట్టు వెళ్లకుండా మెడని కాపాడే హాన్స్ పరికరమూ అన్నీ కలిపి కొనండి. అంత డబ్బు ఇప్పుడు లేదంటే మంచి బార్, మూడు పాయింట్ల బెల్టుతో మొదలుపెట్టడమే మేలు. బార్ లేని ఓపెన్ కారులో హార్నెస్ మాత్రం అసలు వద్దు. అది మనిషిని నిటారుగా పట్టి ఉంచుతుంది, పైన ఆపేది ఏమీ ఉండదు.

హెల్మెట్ స్నెల్ అనే పరీక్షా సంస్థ కారు రేసింగ్‌కి ఇచ్చే ఎస్‌ఏ ముద్ర ఉన్న రకం తీసుకోండి. మోటార్‌సైకిళ్లకి చేసే ఎమ్ రకానికి లేని రెండు పరీక్షలు దీనికి చేస్తారు: మంటకి తట్టుకుంటుందా, రోల్ బార్‌కి కొట్టుకుంటే ఏమవుతుంది అని.

చివరగా ఇన్సూరెన్స్. మామూలు కారు పాలసీలు చాలావరకు ట్రాక్ మీద జరిగినదానికి డబ్బులివ్వవు. ఆ ఒక్క రోజుకే తీసుకునే ట్రాక్ పాలసీలు వేరుగా ఉంటాయి. రోల్ బార్ వేయించిన సంగతి మీ మామూలు ఇన్సూరెన్స్ కంపెనీకి ఈమెయిల్‌లో తెలియజేసి, వాళ్ల జవాబు దాచుకోండి.