అరన్ దీవులను ఎలా చూడాలి?

ఐర్లండ్ పడమటి తీరంలో, గాల్వే అఖాతం ముఖద్వారం వద్ద, అట్లాంటిక్ గాలులకు ఎదురొడ్డి నిలిచిన మూడు సున్నపురాతి దీవులే అరన్ దీవులు. ఐరిష్ ఇక్కడ నేటికీ ఇంట్లో మాట్లాడుకునే భాష. పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగి వచ్చేవారికి కోటలు కనిపిస్తాయి గాని ఊరివారి జీవనం కనిపించదు కనుక, కనీసం ఒక రాత్రి బసకు ఏర్పాటు చేసుకుని బయలుదేరాలి.

ముందుగా వీసా చూసుకోవాలి. ఐరోపాలోని పలు దేశాలకు ఒకే వీసా చెల్లే షెంగెన్ కూటమిలో ఐర్లండ్ లేదు కనుక, భారత పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ వీసా ఇక్కడ పనికిరాదు.

తరువాత దీవిని ఎంచుకోవాలి. ఇనిష్‌మోర్ అన్నిటికంటే పెద్దది; సందడీ, సదుపాయాలూ అక్కడే ఎక్కువ. ఇనిషీర్ నడిచి చుట్టిరాగలిగేంత చిన్నది. 1960లో తుఫానుకు కొట్టుకొచ్చిన ప్లాసీ ఓడ అక్కడి ఒడ్డున ఇంకా తుప్పుపట్టి నిలిచి ఉంది. భాష కోసం, నెమ్మది కోసం వెళ్లేవారు మాత్రం మధ్యనున్న ఇనిష్‌మాన్‌నే ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే సందర్శకుల తాకిడి అక్కడే అతి తక్కువ.

గాల్వే నగరం నుంచి బస్సులో రోసవీల్ రేవుకు చేరితే, అక్కడి నుంచి ఏడాది పొడవునా పడవలు ఉంటాయి. ఇనిష్‌మోర్‌కు సుమారు 40 నిమిషాల ప్రయాణం. డూలిన్ రేవు నుంచి పడవలు వసంతం మొదలు శరదృతువు వరకే నడుస్తాయి. సముద్రం పడనివారు ఇన్వెరిన్ నుంచి చిన్న విమానంలో పది నిమిషాలలోపే చేరవచ్చు.

ఇనిష్‌మోర్‌లో దిగితే కిల్‌రోనన్ రేవు దగ్గర సైకిలు అద్దెకు తీసుకోవాలి. దారి పొడవునా కనిపించే గోడలను సున్నం, మట్టి లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టారు. వాటి నడుమ ఉన్న మడులలో నేల సైతం మనుషులు చేసినదే: బండమీద ఇసుక, సముద్రపు నాచు పొరలుగా పరిచి, తరతరాలుగా అందులో బంగాళాదుంపలు పండించారు. ఆ శ్రమను తలచుకుని గోడలు ఎక్కకూడదు, రాయి కదపకూడదు. డూన్ ఏంగస్ కోట సుమారు 100 మీటర్ల ఎత్తున్న కొండ అంచున ఉంది. అక్కడ కంచె లేదు, గాలి ఉన్నట్టుండి విసురుతుంది కనుక అంచుకు దూరంగా నిలవాలి, పిల్లల చేయి వదలకూడదు.

రాత్రి పబ్బులో వాయిద్యం మొదలైతే మాటలు ఆపి వినాలి. అనుమతి లేకుండా వీడియో తీయకూడదు. శాకాహారులు కొంత తిండి వెంట తీసుకెళ్లడం మేలు. గాలి పెరిగితే పడవలు ఆగిపోతాయి కనుక, తిరిగి వచ్చే రోజునే డబ్లిన్ నుంచి విమానం పెట్టుకోకూడదు.