ఆన్‌లైన్ దుకాణంలో సెర్చ్ నివేదికను చదవడం ఎలా?

ఆన్‌లైన్ దుకాణంలో కొనుగోలుదారు తనకేం కావాలో తన సొంత మాటల్లో చెప్పే చోటు సెర్చ్ బాక్సు. మెనూలోనైనా ఫిల్టర్లలోనైనా మనం పెట్టిన పేర్లనే ఎంచుకోవాలి కనుక, ఎవరు ఏం వెతికారో చూపే సెర్చ్ నివేదికలో ఆ మాటల జాబితా అన్నిటికన్నా విలువైన భాగం. పైన పెద్ద అక్షరాలతో కనిపించే మొత్తం సంఖ్యను చూసి నివేదికను మూసేస్తే తెలిసేది దాదాపు శూన్యం. ఉదాహరణకు చేనేత చీరలు అమ్మే ఒక చిన్న దుకాణాన్ని తీసుకుందాం.

ముందుగా లెక్క ఎక్కడి నుంచి వస్తున్నదో తెలుసుకోవాలి. సైటుకు వచ్చినవారి లెక్కలు చూపే గూగుల్ సాధనం గూగుల్ అనలిటిక్స్ 4, వెబ్ పేజీ చిరునామాను చూసి వెతుకులాటను గుర్తిస్తుంది. చిరునామాలో క్యూ, ఎస్, సెర్చ్, క్వెరీ, కీవర్డ్ అనే అయిదు గుర్తుల్లో ఏదో ఒకటి ఉంటే దాని పక్కనున్న మాటను నమోదు చేస్తుంది. ఆన్‌లైన్ దుకాణాలు నడిపే వేదికలైన షాపిఫైలో క్యూ, వూకామర్స్‌లో ఎస్ వాడుకలో ఉన్నాయి కనుక వాటిలో సాధారణంగా మార్పేమీ అవసరం ఉండదు. చిరునామా మారకుండానే ఫలితాలు చూపించే దుకాణాల్లో మాత్రం డెవలపర్ చేత ఆ సమాచారాన్ని విడిగా పంపించుకోవాలి, లేకపోతే నివేదిక ఖాళీగానే ఉంటుంది. వెతికినప్పుడు ఎన్ని వస్తువులు కనిపించాయన్న సంగతిని గూగుల్ అనలిటిక్స్ తనంతట తాను చెప్పదు. దానికోసం దుకాణం నడిచే వేదిక ఇచ్చే సొంత నివేదికను చూడాలి. అటువంటి వేదికల్లో ఒకటైన అడోబీ కామర్స్ నివేదికలో ప్రతి మాట పక్కనే ఫలితాల సంఖ్య, ఎన్నిసార్లు వెతికారన్న లెక్క రెండూ ఉంటాయి.

ఆ తరువాత లెక్కలోని తాలును చెరిగి వేయాలి. ఫలితాల రెండో పేజీకి వెళ్లినా, వస్తువును చూసి వెనక్కి వచ్చినా, అదే మాట మళ్లీ నమోదు కావచ్చు. అందువల్ల వెతికిన సార్లను కాక వెతికిన మనుషుల సంఖ్యను ప్రమాణంగా తీసుకోవడం మేలు. టైపు చేస్తుండగానే ఫలితాలు చూపే బాక్సులైతే "పో", "పోచ", "పోచం" వంటి తునకలను కూడా వేర్వేరు మాటలుగా ఎక్కించవచ్చు. సిబ్బంది పరీక్ష కోసం వెతికినవి కూడా తీసివేయాలి.

ఇక అక్షర క్రమం సంగతి. మన కొనుగోలుదారులు తెలుగు పేర్లను ఎక్కువగా ఇంగ్లిషు అక్షరాల్లో టైపు చేస్తారు. ఇక్కత్‌ను ఒక 'కె'తో రాసేవారూ ఉంటారు, రెండింటితో రాసేవారూ ఉంటారు. పోచంపల్లి చివర కొందరు 'ఐ', కొందరు 'వై' పెడతారు. కొందరు నేరుగా తెలుగు లిపిలోనే వెతుకుతారు. ఇవన్నీ వేర్వేరు వరుసల్లో చెదిరిపోయి, ఒక్కొక్కటీ పట్టించుకోనక్కరలేనంత చిన్నదిగా కనిపిస్తుంది. జాబితాను స్ప్రెడ్‌షీట్‌లోకి దించుకుని, పక్క గడిలో అన్నిటికీ ఒకే పేరు రాసి కూడితే, ఎక్కడో అడుగున ఉన్న చీర పై వరుసకు రావడం అరుదు కాదు.

ఎక్కువ సమయం వెచ్చించవలసింది ఫలితం లేని వెతుకులాటల మీద. వీటన్నిటినీ ఒకే గాటన కట్టి శాతం చెప్పుకోవడం వల్ల లాభం లేదు, ఎందుకంటే కారణాన్ని బట్టి చేయవలసిన పని మారుతుంది. సరుకు ఉండి పేరు మాత్రం వేరైతే, ఉదాహరణకు "ఉప్పాడ" అని వెతికితే మన పేజీలో "జామ్‌దానీ" అని మాత్రమే ఉంటే, పర్యాయపదం చేర్చితే సరిపోతుంది. సరుకు అయిపోయినందువల్ల దాన్ని దాచి ఉంచితే, "త్వరలో వస్తుంది" అని చూపడం నయం. నారాయణపేట చీరలు మనం అమ్మకపోతే ఆ లెక్కను సరుకు కొనే వ్యక్తికి అందజేయాలి. ఇక "రిటర్న్", "ఆర్డర్ ఎక్కడ ఉంది" వంటివి సరుకు కోసం వెతికినవే కావు, వాటికి సహాయ పేజీ కనిపించాలి. శాతాన్ని తగ్గించాలన్న ఆత్రంతో వెంకటగిరికి మంగళగిరిని పర్యాయపదంగా పెట్టేవారు ఉంటారు. నివేదికలో సున్నా పోతుంది గాని, ఆ రెండింటికీ తేడా తెలిసిన కొనుగోలుదారు కూడా దానితోపాటే పోతుంది.

ఫలితాలు వచ్చినా ఎవరూ దేనినీ నొక్కని మాటలు ఇంతకన్నా మొండి సమస్య, ఎందుకంటే అవి ఏ సున్నా జాబితాలోనూ కనబడవు. "పెళ్లి చీర" అంటే వందల చీరలు వచ్చి, మొదటి వరుసలో రోజువారీ నూలు చీరలు కనిపిస్తే, లోపం సరుకులో లేదు, వరుస క్రమంలో ఉంది. వెతికిన వెంటనే వెళ్లిపోయినవారు, మాట మార్చి మళ్లీ వెతికినవారు ఎందరో గూగుల్ అనలిటిక్స్ పాత రూపమైన యూనివర్సల్ అనలిటిక్స్ సిద్ధంగా చూపేది. అది 2023 జూలై 1 నుంచి సాధారణ ఖాతాల్లో కొత్త సమాచారం తీసుకోవడం మానేసింది. ఇప్పుడు ఆ లెక్కను గూగుల్ అనలిటిక్స్ 4లో సొంత నివేదికలు తయారు చేసుకునే విభాగమైన ఎక్స్‌ప్లొరేషన్‌లో మనమే కట్టుకోవాలి.

వెతికినవారు ఇతరులకన్నా ఎక్కువగా కొంటున్నారని నివేదిక చెబితే, దాన్ని సెర్చ్ బాక్సు ఘనతగా భావించరాదు. వెతికేవారిలో చాలామంది ముందే కొనే ఉద్దేశంతో వస్తారు. ఆరుగురే వెతికి ఒకరు కొన్న మాటకు 17 శాతం అని రాసుకోవడం కూడా అర్థం లేని పనే.

కాలాన్ని పోల్చేటప్పుడు పంచాంగం దగ్గర పెట్టుకోవాలి. ఉగాది 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 16 నుంచి 8కి జరిగింది. ఈ రెండేళ్ల మార్చి నెలలను పక్కపక్కన పెడితే, పండుగ కొనుగోళ్లే పెరుగుదలగా భ్రమింపజేస్తాయి. పండుగకు ముందు మూడు వారాలను, అంతకుముందు ఏడాది పండుగకు ముందు మూడు వారాలతో పోల్చాలి. గూగుల్ అనలిటిక్స్ 4 ఎక్స్‌ప్లొరేషన్లకు కావలసిన సమాచారాన్ని మామూలుగా 2 నెలలే నిలుపుతుంది. సెట్టింగుల్లో 14 నెలలకు మార్చుకుని, ప్రతి నెలా మాటల జాబితాను దించి దాచుకోవడం అవసరం.

కొందరు సెర్చ్ బాక్సులో ఫోన్ నంబరు, ఈమెయిలు కూడా టైపు చేస్తారు. అటువంటి వ్యక్తిగత సమాచారం పంపడాన్ని గూగుల్ నిబంధనలు అనుమతించవు కనుక, అది అనలిటిక్స్‌కు చేరకముందే తొలగించే ఏర్పాటు డెవలపర్ చేత చేయించాలి. పర్యాయపదం చేర్చినా, వరుస క్రమం మార్చినా, ఆ తేదీని అదే స్ప్రెడ్‌షీట్‌లో మాట పక్కన రాసి ఉంచితే, తరువాతి నివేదికలో ఏ మార్పు దేనివల్ల వచ్చిందో విడదీయడం వీలవుతుంది.